లోపల వదిలిన బట్ట

మా అమ్మాయికి బట్టలంటే పడదు. కొన్నవైనా కుట్టినవైనా ఒంటి మీద వేసిన కాసేపటికే మెడ దగ్గర గోక్కోవడం మొదలుపెడుతుంది. తర్వాత చంకల కింద, ఆ తర్వాత నడుము దగ్గర. చివరికి విప్పి మూలకి విసిరేసి చెడ్డీతో ఇల్లంతా తిరుగుతుంది. లేదంటే తిరగేసి, కుట్లు బయటికి వచ్చేట్టు వేసుకుంటుంది. నేను సరిచేసి తొడగడం, నేను అటు వెళ్ళగానే అది మళ్ళీ తిరగేయడం, మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు చూసినవాళ్ళు నవ్వి ఊరుకున్నారు. ఆరేళ్ళు వచ్చాక దాన్ని కాదు, నన్ను చూడటం మొదలుపెట్టారు.

ఆ ఆరో ఏట వచ్చిన క్రిస్మస్‌కి జరిగింది చెప్పాలి. మా చర్చిలో సండే స్కూల్ పిల్లలంతా వేదిక మీద వరసగా నిలబడి తలా ఒక వాక్యం చెప్తారు. మా దానికి వాక్యం నిద్రలో లేపి అడిగినా వచ్చు. నేను గుంటూరు బజారంతా తిరిగి తెల్లటి నెట్టు గౌను ఒకటి కొన్నాను. దాని వంతు వచ్చింది. సగం వాక్యం చెప్పింది, ఆగింది, గౌను అంచు రెండు చేతులతో పట్టుకుని తల మీదుగా లాగేసింది. నెట్టు వెళ్ళి తలలోని క్లిప్పుకి చిక్కుకుంది. మొహం కనబడకుండా, చేతులు పైకెత్తి, అందరి ముందూ అలా ఇరుక్కుపోయి నిలబడింది. సంఘమంతా గొల్లున నవ్వింది. నేను వేదిక ఎక్కి ఎత్తుకుని కిందకి తెచ్చాను. నా తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వచ్చాక అది ఏడుస్తూ ఒకే మాట చెప్పింది. "నాకు వాక్యం వచ్చమ్మా. గుచ్చుతుంటే మర్చిపోయా." ఆ తర్వాత ఏడాదంతా సండే స్కూల్లో వేదిక మాట ఎత్తితే చాలు, వెనక బెంచీ కిందకి దూరేది. మిగతా పిల్లలు పాటలు నేర్చుకుంటుంటే దూరంగా కూర్చుని పెదవులు కదిపేది. దానికి నిలబడాలని ఉంది, బట్టంటే భయం. నాకు అది తట్టుకోవడం కష్టమైంది. ఈసారి గుచ్చని గౌను నేనే కుడతానని మాటిచ్చాను. మాటివ్వడం ఎంత తేలిక.

గుచ్చడానికి కారణం ఏమిటో ముందు వెతికాను. డాక్టరు చర్మం చూసి, ఏమీ లేదమ్మా, కొందరు పిల్లలంతే అన్నారు. నాకు మిరపకాయల మీద అనుమానం వచ్చింది. మా ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని చేస్తారు. సాయంత్రం ఆయన గుమ్మంలో చొక్కా దులిపితే లోపల నేనూ, అమ్మాయీ, మా అత్తయ్యా తుమ్ముతాం. ఆయన బట్టలు వేరే బకెట్లో నానబెట్టి, వేరే తాడు మీద ఆరేసి చూశాను. మార్పేమీ లేదు. ఇక మిగిలింది కుట్లే. కొట్లో గౌనుకి లోపల గరుకు లైనింగు, దాని మీద కంపెనీ చీటీ. పోనీ మంచి కాటన్ గౌను కొందామంటే, కాటన్ ఇప్పుడు పిల్లలకి ఎవరు వేస్తున్నారమ్మా అని కొట్టువాడు నన్నే ఎదురడిగాడు. మా ఊరి చుట్టూ ఎటు చూసినా పత్తి చేలే. అందులో నిలబడి పాలిస్టర్ గౌను కొనుక్కోవాల్సి రావడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంట్లో కుట్టిన గౌనుకి ఇంకో తిప్పలు. మా వైపు పెరిగే పిల్లకి ఎవరూ ఒంటికి సరిపోయేట్టు కుట్టరు. పక్కల్లో రెండు వేళ్ళ వెడల్పు బట్ట లోపలికి వదిలి, రెండు మూడు వరసలు కుట్టు వేస్తారు. పిల్ల పెరిగిన కొద్దీ ఒక్కో వరస విప్పుకుంటూ పోవాలి. మా జాకెట్లకీ అంతే, మేము లావెక్కిన కొద్దీ ఒక్కో కుట్టు విప్పుతాం. నాకు కుట్టు నేర్పిన మా అమ్మ చేతికీ అదే అలవాటు, నా చేతికీ అదే. ఆ వదిలిన బట్ట చంక కింద మడత పడి తాడులా ఒరుసుకుంటుంది. దాని అంచు నుంచి పోగులు లేచి గుచ్చుతాయి. ఇంత తెలిసి కూడా, ఆ బట్ట కత్తిరించి పడేస్తానంటే మా అత్తయ్య ఒప్పుకోదు.

ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి. మా అత్తయ్యకి చిన్నప్పుడు క్రిస్మస్‌కి ఒకే గౌను కుట్టించేవాళ్ళట. మరుసటి ఏడు దాని కుట్టు విప్పేవాళ్ళట. లోపల దాగిన బట్ట ఎండ తగలక ముదురు రంగులోనే ఉంటుంది కాబట్టి, పక్కల్లో గీత పడేది. ఆ గీతలు చూస్తే అది ఎన్నో ఏటి గౌనో అందరికీ తెలిసిపోయేది. పత్తితీతకి కూడా ఆ గౌనులోనే వెళ్ళేదాన్నని చెప్తుంది. ఆవిడకి లోపలి బట్ట అంటే తల్లి ముందుచూపు. నాకేమో పిల్ల చంకలో ఎర్రటి దద్దురు. ఈ రెండింటి మధ్యా నేను నలిగిపోయాను.

అప్పుడు ఓవర్‌లాక్ మిషన్ గురించి ఆలోచించాను. రెడీమేడ్ బట్టల లోపల అంచు వెంట గొలుసులా దారం అల్లి ఉంటుందే, అది ఆ మిషన్ పనే. అంచు అల్లడంతో పాటు పక్కనే ఉన్న బ్లేడుతో మిగిలిన బట్టని కోసుకుంటూ పోతుంది. మడతలుండవు, పోగులుండవు. గుంటూరులో ఒక టైలరు దుకాణం ఎత్తేస్తూ పాతది అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాను. ఆయన ఒక గుడ్డముక్క పెట్టి ర్ర్‌మని లాగి చూపించాడు. రెండు క్షణాల్లో అంచు ముద్దుగా వచ్చేసింది. "చిన్నపిల్లలు కూడా నేర్చుకుంటారండి" అన్నాడు. నేను తల ఊపాను. దారం ఎలా ఎక్కించాలో అడిగితే, అసలు విప్పకండి, కొత్త దారాన్ని పాత దారానికి ముడేసి లాగితే అదే వెళ్ళిపోతుందని చెప్పాడు. మిషన్ మీద ఎర్రటి పండుమిరప రంగు దారం కోన్లు ఉన్నాయి. అలాగే ఇంటికి తెచ్చుకున్నాను.

నేను కాళ్ళు కడుక్కుని కాఫీ తాగి వచ్చేసరికి మా అత్తయ్య దాన్ని శుభ్రం చేసేసింది. ఎవరి కొట్లోదో ఏమో, దుమ్ము పట్టి ఉందని తడిగుడ్డతో తుడిచి, అడ్డంగా ఉన్న దారాలన్నీ లాగేసి, కోన్లు పక్కన వరసగా పెట్టింది. నేను ఒక కోను చేతిలోకి తీసుకుని చూస్తుంటే, ఎన్ని చిక్కులు పడి ఉన్నాయో చూశావా, ఆ టైలరు నిన్ను మోసం చేశాడని నాకే చెప్పింది.

అక్కడి నుంచి నా తిప్పలు మొదలయ్యాయి. మామూలు కుట్టు మిషన్ నా చేతిలో పెంపుడు జంతువులా ఉంటుంది. ఇది అలా కాదు. ఒక దారం సూదిలోకి, రెండు దారాలు లోపల అటూ ఇటూ ఊగే లూపర్లు అనే కొక్కేల్లోకి ఎక్కాలి. కింది లూపరు రంధ్రం చేతివేలికి అందదు, కంటికి కనబడదు. పట్టకారుతో దారం కొస పట్టుకుని, మెడ వంచి, ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని దూర్చాలి. ఒక దారం ముందు ఎక్కించాల్సింది వెనక ఎక్కిస్తే, మూడంగుళాలు కుట్టి టప్పున తెగుతుంది. మళ్ళీ మొదటికి. ఫోన్లో వీడియోలు చూశాను. ఒకావిడ ఎంతో చక్కగా చెప్తూ, సరిగ్గా దారం దూర్చే చోటికి వచ్చేసరికి తన చెయ్యే అడ్డం పెట్టింది. ఇంకొకావిడ వీడియోలో సంగీతమే తప్ప మాట లేదు. మరొకాయన, మీకు ఆల్‌రెడీ దారం ఎక్కించడం వచ్చు కదా అని మొదలుపెట్టాడు. ఫోన్ విసిరేద్దామనిపించింది.

దారం ఎక్కితే బిగువు కుదరదు. దారం బిగించే ఒక బిళ్ళ తిప్పితే కుట్టు వదులై వేలాడుతుంది, ఇంకోటి తిప్పితే గుడ్డ ముడుచుకుని అప్పడంలా తేలుతుంది. ఇంట్లో ఉన్న పాత దిండు గలీబులన్నీ దానికి బలి అయ్యాయి. మా ఆయన ఒక సాయంత్రం వచ్చి, బజార్లో ఓవర్‌లాక్ చేసిచ్చేవాళ్ళు ఉన్నారుగా, ఇదంతా ఎందుకు అన్నారు. పోయినేడు వేదిక ఎక్కి పిల్లని దింపింది మీరు కాదు కదా అన్నాను. ఆయన చొక్కా విప్పుకుని వేరే బకెట్ దగ్గరికి వెళ్ళిపోయారు.

మా అత్తయ్య మాత్రం రోజూ వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఆవిడ చూపు దారం మీద కాదు, బ్లేడు మీద. నేను గలీబు లాగుతుంటే పక్కన రాలిపడే పీలికలు ఏరి ఒళ్ళో వేసుకునేది. ఒకరోజు ఉండబట్టలేక అనేసింది.

"పెరిగే పిల్లకి బట్ట కోసే మిషను ఎవరన్నా తెచ్చుకుంటారా అమ్మాయ్? మా అమ్మ లోపల వదిలిన బట్టే మూడు క్రిస్మస్‌లు నన్ను కప్పింది. నువ్వేమో ఉన్నది కోసి నేలపాలు చేస్తున్నావు."

"దానికి గుచ్చుతోంది అత్తయ్యా."

"నాకూ గుచ్చింది. నేను విప్పి పారేశానా?"

పెద్దావిడతో వాదన పెట్టుకోలేను. లోపల్లోపల ఉడికిపోతూ మళ్ళీ దారం దూర్చుకున్నాను.

ఒక వారానికి కాబోలు, కుట్టు కుదిరింది. గలీబు అంచు మీద ఎర్రటి గొలుసు ఎక్కడా తెగకుండా చివరిదాకా వచ్చింది. నేను ఆ ముక్కని మా ఆయనకి, పాలవాడికి, గేటు ముందు నుంచి వెళ్తున్న పక్కింటావిడకి కూడా చూపించాను. ఇక తెల్ల దారం మార్చాలి. టైలరు చెప్పినట్టు ముడేసి లాగినా, ముడి మధ్యలో తెగితే మళ్ళీ మొదటికే. మళ్ళీ ఆ కొక్కేల దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకు లేదు. లోపల కుట్టేగా, ఎవరు చూడొస్తారు అని ఎరుపే ఉంచేశాను.

గౌనుకి తెల్లటి మెత్తని కాటన్ మల్లు గుడ్డ తెచ్చాను. బొత్తాలు గుచ్చుతాయని బొత్తాలే లేకుండా, తల మీదుగా వేసుకునేట్టు వెడల్పు మెడ పెట్టాను. గుడ్డ పరిచి కత్తెర పట్టుకున్నాక నా చెయ్యి నా మాట వినలేదు. పక్కల్లో రెండు వేళ్ళు తనంతట తనే వదిలింది. చూసి, సరే, అత్తయ్య మాట కూడా నిలబెట్టినట్టవుతుంది అనుకున్నాను. ఇద్దరినీ సంతోషపెడదామని, వదిలిన బట్టని అలాగే ఉంచి, దాని చివరి అంచుకి ఓవర్‌లాక్ కొట్టాను. మా అత్తయ్య వేళ్ళతో కొలిచి చూసుకుని, ఇప్పుడు బాగుంది అంది. అమ్మాయి వేసుకుంది. చెయ్యి ఇలా పైకెత్తి అలా దించింది.

"అమ్మా, ఇది అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుతోంది."

గుచ్చదా మరి. మామూలు పోగుల బదులు ఇప్పుడు ఆ మడతకి పాలిస్టర్ దారంతో గట్టి అంచు కూడా కట్టి పెట్టాను. అరికాలి మంట నెత్తికెక్కింది. గౌను విప్పించి, ఉన్న పళాన మిషన్ ముందు కూర్చున్నాను. ఈసారి అసలు కుట్టు పక్కనే బ్లేడు పెట్టి, వదిలిన బట్ట మొత్తం చంక నుంచి నడుము దాకా కోసిపారేశాను. ఒక పక్క, రెండో పక్క. రెండు పొడవాటి పీలికలు కింద పడ్డాయి. మా అత్తయ్య వాటిని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను అదే ఊపులో నడుము కుట్టు కూడా లాగించాను. కుచ్చుల్లో ఒక మడత కిందకి జారిందని నేను చూడలేదు. బ్లేడు చూసుకోదు. గౌను ఎత్తి పట్టుకుంటే, సరిగ్గా పొట్ట ముందు నుంచి కిటికీ కనబడుతోంది.

ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, మిషన్ని ఒక్కటి తన్నాను. కాలి వేలు వాచింది. క్రిస్మస్ ఈ వారంలోనే. ఆ గుడ్డ మళ్ళీ తెద్దామంటే పండగ రద్దీలో అది దొరుకుతుందన్న నమ్మకం లేదు. మిగిలిన ముక్కతో కింది భాగం మళ్ళీ కత్తిరించాను. కుచ్చులు తగ్గాయి, పొడవు మోకాలి దాకా వచ్చి ఆగింది. మడిచి కుట్టడానికి కూడా అంగుళం మిగల్లేదు. ఇక లోపల వదలాలా వద్దా అన్న తగువే లేదు, వదలడానికి బట్టే లేదు. ఈసారి మడతలన్నీ ఒకటికి పదిసార్లు తడిమి చూసుకుంటూ మెల్లిగా లాగాను. పూర్తయ్యాక తిరగేసి చూశాను. లోపల ప్రతి కుట్టు మీదా సన్నటి ఎర్ర గీత, ఎక్కడా వంకర లేదు. పై వైపు కంటే లోపలి వైపే బాగా వచ్చింది. అది ఎవరికీ కనబడదు కదా అని మనసు చివుక్కుమంది.

అమ్మాయి వేసుకుని, ఇంట్లో అటూ ఇటూ నడిచి, బాగుందమ్మా అంది. నేను నమ్మాను. నా మొహం చూసి అలా అందని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం చర్చిలో నేనూ మా అత్తయ్యా ఆడవాళ్ళ వైపు చాపల మీద కూర్చున్నాం. కార్యక్రమం మొదలయ్యే ముందు అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. మెడ దగ్గర వేలు పెట్టి ఉంది.

"దారం గుచ్చుతోందమ్మా. తిరగేసి వేసుకోనా?"

"అందరూ నవ్వుతారు. కాసేపు ఓర్చుకో."

అది తల వంచుకుని పక్క గదిలోకి, మిగతా పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళ చాకిరీ ఆ ఒక్క మాటతో బూడిదలో పోసినట్టయింది. మిషన్ మీద, టైలరు మీద, వీడియోల వాళ్ళ మీద, లోకంలో ఉన్న దారాలన్నిటి మీద కోపం వచ్చింది. ఇంకాసేపట్లో అది వేదిక మీద గౌను లాగేస్తుంది, నేను మళ్ళీ మెట్లెక్కాలి. చెప్పులు ఎక్కడ విప్పానో చూసి పెట్టుకున్నాను.

పిల్లలు వరసగా వచ్చారు. మా అమ్మాయి చివర నుంచి రెండోది. గౌను తిరగేసి ఉంది. తెల్లటి గౌను మీద భుజాల నుంచి, చంకల కింద నుంచి, నడుము చుట్టూ ఎర్రటి గీతలు. నాకు కళ్ళు మూసుకోవాలనిపించింది. దాని వంతు వచ్చింది. అది రెండు చేతులూ పక్కన పెట్టుకుని, వాక్యం మొదలు నుంచి చివరి దాకా, మధ్యలో ఆగకుండా, వెనక వరసలో మగవాళ్ళకి కూడా వినబడేట్టు చెప్పింది. చెప్పేసి కూడా పక్కకి జరగలేదు. ఇంకో వాక్యం ఉందేమో అన్నట్టు నిలబడింది. ఒక్కరు కూడా నవ్వలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

నా పక్కనున్నావిడ వంగి, అంచుల వెంట ఆ ఎర్ర పైపింగు డిజైను ఎక్కడ కుట్టించారండి అని అడిగింది. నేను చెప్పేలోపే మా అత్తయ్య అందుకుంది. "లోపల గోరంత బట్ట వదల్లేదు మా కోడలు. ఇవాళ సంఘమంతా చూసింది."

ఇంటికి వచ్చాక అది గౌను విప్పనంది. అన్నం దాంతోనే తింది, పడుకోవడమూ దాంతోనే. మరునాడు, ఆ మరునాడు కూడా అదే కావాలంది. ఉతికి ఆరేస్తే తాడు కింద నిలబడి ఆరిందా అని తడిమి చూసేది. పుట్టాక దానికి నచ్చిన మొదటి బట్ట. నాకు సంతోషమే, కాదనను. కానీ తిరగేస్తే సరిపోయే దానికి ఇంత మిషన్ కొని, ఇన్ని దారాలు తెంపుకుని, కాలి వేలు వాచేట్టు తన్నుకున్నానే అని ఒక పక్క ఉక్రోషం. తిరగేసి వేసుకోవాలన్నా అంచు చూడటానికి బాగుండాలి కదా, అది ఆ మిషనే చేసింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ సర్దుబాటు కూడా పూర్తిగా కుదరలేదు.

మిరపకోతలు ముమ్మరమై, ఊరి పొలిమేర కల్లాలన్నీ ఎర్రబడే రోజులు వచ్చాయి. ఒక ఉదయం అమ్మాయి ఆ గౌనులో చేతులు పెట్టి, తల బయటికి రాక గింజుకుంటోంది. లాగి తొడిగితే ఛాతీ దగ్గర బిగుసుకుపోయింది. ఊపిరి బిగబట్టి, బాగానే ఉంది బాగానే ఉంది అంటోంది.

"దీన్ని కొంచెం వదులు చెయ్యమ్మా."

నేను పక్క కుట్టు వేళ్ళ మధ్య పట్టుకుని చూశాను. ఎర్ర గొలుసు, దాని పక్కన ఏమీ లేదు. చిరిగేదాకా దీన్నే వేసుకుంటుంది, ఆ తర్వాత మళ్ళీ చెడ్డీతో మూలన కూర్చుంటుంది. ఒకే ఒక్క గౌను ఇష్టపడింది, దాన్ని పెంచడానికి నేను గోరంత కూడా మిగల్చలేదు.

మా అత్తయ్య మంచం మీద నుంచి లేచి, తన పెట్టె తెరిచి, రెండు తెల్లటి పీలికలు తెచ్చి నా మిషన్ మీద పెట్టింది. రెండు వేళ్ళ వెడల్పు, సరిగ్గా చంక నుంచి నడుము దాకా పొడవు. ఉతికి, మడిచి దాచినట్టున్నాయి.

నేను కూర్చుని, గౌను పక్క కుట్లు విప్పి, మధ్యలో ఆ పీలికలు పెట్టి మిషన్ ఆన్ చేశాను. రెండంగుళాలు వెళ్ళేసరికి కింది లూపరు దారం తెగింది. పట్టకారు వెతుక్కుంటుంటే అమ్మాయి వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి, కుట్లు బయటికే పెట్టమ్మా అంది.